కల్లం లెక్క, పలక లెక్క: గుంటూరు–ప్రకాశం పత్తి, మిరప పల్లెల్లో చిన్నపిల్లలకు అంకెల ధైర్యం

సారాంశం

పత్తి, మిరప పండే గుంటూరు–ప్రకాశం మైదానంలో ఒకటి నుంచి మూడో తరగతి వరకు చదివే పిల్లలకు లెక్కలంటే బెరుకు ఎక్కడ మొదలవుతుందో, అది పోవాలంటే బడి ఏం చేయాలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇంట్లో, కల్లంలో పిల్లల చెవిన పడే లెక్కకూ బడిలో రాసే లెక్కకూ లంకె తనంతట తాను కుదరదనీ, ఆ లంకె వేయడమే చిన్న తరగతుల గణిత బోధనకు మొదటి పని అనీ ఇందులోని వాదం. ప్రాంతపు పంటల కాలం, తెలుగు సంఖ్యల పేర్ల తీరు, పిల్లల అంకగణితం మీద జరిగిన పరిశోధనలు ఈ వాదానికి ఆధారాలు.

1. ప్రస్తావన

పల్నాడు నుంచి ఒంగోలు వైపు పరుచుకున్న నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప ప్రధానమైన వాణిజ్య పంటలు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో పల్నాడు, బాపట్ల జిల్లాలు కొత్తగా ఏర్పడ్డాయి. పంటలూ పల్లెల బతుకూ ఒక్కతీరువే కనుక ఈ వ్యాసం పాత ఉమ్మడి జిల్లాల ఎల్లలనే తీసుకుంటుంది.

ఇక్కడి పిల్లలకు అంకెలు కొత్త కావు. పొలాన్ని ఎకరాల్లో, సెంట్లలో చెబుతారు. పత్తిని క్వింటాళ్లలో, మిరపను టిక్కీల్లో, అంటే బస్తాల్లో, లెక్కిస్తారు. అప్పు మాట వస్తే ‘నూటికి రెండు రూపాయల వడ్డీ’ అంటారు. కాటా దగ్గర తూకం తేడా వచ్చినప్పుడు పెద్దవాళ్లు గట్టిగా మాట్లాడడం, గుంటూరు మిర్చి యార్డులో ఇవాళ్టి ధర ఎంతని ఫోనులో అడగడం పిల్లలు వింటూనే పెరుగుతారు. ఇంత అంకెల సందడిలో పెరిగిన పిల్ల బడిలో 42 లోంచి 17 తీసివేయమంటే ఎందుకు తల దించుకుంటుంది? ఈ వ్యాసానికి మూలప్రశ్న అదే.

ఈ సమస్య ఒక్క ప్రాంతానిది కాదు. ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో వెలువడే అసర్ నివేదిక 2024 ప్రకారం దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రాంతాల్లో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవారు 33.7 శాతం, ఐదో తరగతిలో భాగహారం చేయగలిగినవారు 30.7 శాతం. 2022లో ఈ అంకెలు 25.9, 25.6. మెరుగుదల నిజమే. అయినా మూడో తరగతిలో ముగ్గురిలో ఇద్దరికి తీసివేత ఇంకా అందలేదు. 2021 జులై 5న మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం 2026–27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కించడం రావాలని లక్ష్యంగా పెట్టుకుంది.

2. పూర్వరంగం

లెక్కలను తెలుగులోకి, తెలుగువారి వాడుకలోకి తెచ్చే ప్రయత్నానికి ఈ నేలతో పాత సంబంధం ఉంది. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన ఇంటిపేరు కమ్మనాటి పావులూరిది. ఆ ఊరు నేడు బాపట్ల జిల్లా ఇంకొల్లు దగ్గర ఉంది. గణితం జనానికి అందాలంటే వాళ్ల మాటలో చెప్పాలన్న ఆలోచన ఇక్కడ వందల ఏళ్ల నాటిది.

వీధిబడుల్లో ఇసుకలో వేలితో దిద్దడం, ఎక్కాలు గుంపుగా వల్లించడం అభ్యాసంగా ఉండేవి. వల్లెవేతకు తన ప్రయోజనం తనకుంది. ఎక్కం నోటికి వచ్చిన పిల్లవాడు పెద్ద లెక్కలో తడుముకోడు. అయితే అర్థం తెలియకుండా వల్లించినది కొత్త లెక్క ఎదురైనప్పుడు అక్కరకు రాదు. 1980లలో బ్రిటన్ సహాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఈ లోటును గుర్తించింది. చేస్తూ నేర్చుకోవడం, జట్లుగా పనిచేయడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం దాని సూత్రాల్లో కొన్ని. ‘స్థానిక పరిసరాలు’ అంటే గులకరాళ్లు, పుల్లలు ఏరుకురావడంతో సరిపెట్టుకుంటే ఆ సూత్రం సగమే అమలైనట్టు. పిల్లల ఇళ్లలో సాగే లెక్కల మాట కూడా పరిసరమే.

3. కోతల కాలం, బడి కాలం

బడి జూన్ నెల నడుమ తెరిచి ఏప్రిల్ చివర మూస్తారు. పత్తితీత శీతాకాలమంతా సాగుతుంది. మిరపకోతలు సంక్రాంతి ప్రాంతంలో ఊపందుకుని వేసవి దాకా నడుస్తాయి. ఆ నెలల్లో కర్నూలు పడమటి మండలాల నుంచి కూలీలు కుటుంబాలతో సహా ఈ పల్లెలకు వలస వస్తారు. ప్రకాశం పడమటి మెట్ట ఊళ్ల నుంచీ జనం కదులుతారు. వెంట వచ్చిన పిల్లలు సొంత ఊరి బడికి దూరమవుతారు. స్థానిక పిల్లల్లో కొందరు తమ్ముణ్ణో చెల్లినో చూసుకోవడానికి ఇంట్లో ఆగిపోతారు, కొందరు అమ్మ వెంట చేనుకు వెళ్తారు.

బోధనపరంగా ఇక్కడే అసలు చిక్కు. రెండో తరగతిలో స్థానవిలువ మీద ఆధారపడి పదులు విడదీసే తీసివేత నేర్చుకోవాల్సిన కాలమూ దాదాపు ఇదే. కథల పాఠం ఒకటి తప్పినా తర్వాతి కథ అర్థమవుతుంది. లెక్కల్లో ఒక మెట్టు తప్పితే పై మెట్టు అందదు. మార్చిలో తిరిగొచ్చిన పిల్లను తరగతి ఎక్కడుందో అక్కడ కూర్చోబెడితే, తనకు రాని లెక్క అందరికీ వస్తోందన్నదే ఆమె మొదట నేర్చుకునే పాఠం అవుతుంది. అంకెల భయానికి ఇది బలమైన విత్తనం. దీన్ని పిల్ల తెలివికి అంటగట్టడం అన్యాయం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కల్లంలో లెక్క వినిపిస్తుందని కల్లాన్ని బడికి ప్రత్యామ్నాయం చేయకూడదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు ప్రతి బిడ్డ చోటు బడిలోనే. వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్ హాస్టళ్లు అందుకే అవసరం.

4. తెలిసిన లెక్క, రాయలేని లెక్క

1985లో టెరెజిన్యా కరాహెర్, డేవిడ్ కరాహెర్, అనలూసియా ష్లీమన్ బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధిలో సరుకులు అమ్మే ఐదుగురు పిల్లలను పరిశీలించారు. బేరంలో అడిగిన లెక్కలకు 98.2 శాతం సరైన జవాబులు వచ్చాయి. అలాంటి లెక్కలనే మాటల సమస్యలుగా ఇస్తే 73.7 శాతం, వట్టి అంకెలతో కాగితం మీద ఇస్తే 36.8 శాతం వచ్చాయి. పిల్లలు వాళ్లే. మారిందల్లా లెక్క అడిగిన తీరు.

2025లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం కోల్‌కతా, ఢిల్లీ సంతల్లో పనిచేసే 1,436 మంది పిల్లలను పరీక్షించింది. సరుకుల ధర, చిల్లర నోటితో చెప్పగలిగిన ఆ పిల్లలు బడి తరహా లెక్కల్లో తడబడ్డారు. పోలిక కోసం చూసిన 471 మంది బడి పిల్లల పరిస్థితి తలకిందులు. పుస్తకంలో లెక్క వచ్చినవారు సంత లెక్కలో తేలిపోయారు. అంటే నష్టం రెండువైపులా ఉంది.

ఆటల మీద జరిగిన పరిశోధన దీన్నే మరో కోణంలో చూపుతుంది. 2017లో సైన్స్ పత్రికలో మోయిరా డిలన్, డఫ్లో, స్పెల్కీ బృందం ఢిల్లీలోని 214 బాలవాడీల్లో 1,540 మంది పిల్లలతో చేసిన ప్రయోగ ఫలితాలు వచ్చాయి. గణిత ఆటలు ఆడిన పిల్లల్లో పరిమాణాలను చూసి అంచనా వేసే శక్తి పెరిగి నిలిచింది. కానీ ఒకటో తరగతి లెక్కల్లో వారికి అదనపు మేలు కనిపించలేదు. ఇటు 2008లో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అమెరికాలో పేద కుటుంబాల చిన్నారులతో వరుసగా అంకెలు రాసిన పట్టీ మీద ఆట ఆడించారు. కొద్దిపాటి విడతల్లోనే సంఖ్యాజ్ఞానం పెరిగింది, తొమ్మిది వారాల తర్వాత కూడా నిలిచింది. అంకెల బదులు రంగులున్న పట్టీతో ఆడినవారిలో ఆ మేలు లేదు.

ఈ నాలుగింటినీ కలిపి చదివితే తేలేది ఒకటే. అనుభవం ఒక్కటే చాలదు, గుర్తులు ఒక్కటే చాలవు. చేతిలోని వస్తువు, నోటిలోని మాట, పలక మీది అంకె ఒకేసారి, ఒకే చోట పిల్లకు కలవాలి.

5. సంఖ్యల పేర్లు

ఈ కలయికకు తెలుగు మంచి సాధనం. ఇరవై ఒకటి నుంచి తొంభై తొమ్మిది వరకు పదుల పేరు ముందు, ఒకట్ల పేరు వెనుక విడివిడిగా వినిపిస్తాయి. హిందీ పిల్లలు నూరు వరకు దాదాపు ప్రతి సంఖ్య పేరూ విడిగా గుర్తుపెట్టుకోవాలి. తెలుగు పిల్లలకు ఆ బరువు పదకొండు నుంచి పంతొమ్మిది దాకానే. ఇంగ్లీషులో థర్టీన్–థర్టీ, ఫిఫ్టీన్–ఫిఫ్టీ చెవికి దగ్గరగా వినిపించి తికమక పెడతాయి. తీసివేత వాక్యం కూడా చూడండి. ‘42 లోంచి 17 తియ్యి’ అన్నప్పుడు అంకెలు పలకమీద రాసే వరుసలోనే వస్తాయి. ‘సబ్‌ట్రాక్ట్ 17 ఫ్రం 42’లో వరుస తారుమారవుతుంది. ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు అచ్చువేసిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇప్పుడు పిల్లల చేతుల్లో ఉన్నాయి. స్థానవిలువను ముందు తెలుగులో స్థిరపరిచి, ఆ తర్వాతే ఇంగ్లీషు పేర్లు జోడించడం మేలు.

తెలుగులోనూ ఒక జారుడు ఉంది. ఇరవై మూడును 203 అని, నూట ఇరవై మూడును 10023 అని రాసే పిల్లలు ఉంటారు. అది తెలియనితనం కాదు, విన్నది విన్నట్టు రాయడం. 100, 20, 3 అని మూడు చీటీలు చేసి, ఒకదానిమీద ఒకటి కుడి అంచులు కలిసేలా పెడితే సున్నాలు మూసుకుపోయి 123 కనిపిస్తుంది. కొట్టివేత గీత చేయలేని పని ఆ చీటీలు చేస్తాయి.

6. ధైర్యం ఎలా వస్తుంది

ఆల్బర్ట్ బండూరా సిద్ధాంతంలో ఆత్మవిశ్వాసానికి నాలుగు మూలాలున్నాయి: స్వయంగా సాధించిన అనుభవం, తోటివారు సాధించడం చూడడం, పెద్దల మాట, మనసులోని కలత లేదా నెమ్మది. వీటిలో మొదటిదే బలమైనది. 1981లో బండూరా, డేల్ షుంక్ తీసివేతలో బాగా వెనుకబడిన 40 మంది పిల్లలతో చేసిన ప్రయోగంలో, మొత్తం పనిని ఒకేసారి లక్ష్యంగా చూపినవారికంటే రోజుకు ఆరు పేజీల చొప్పున దగ్గరి లక్ష్యం పెట్టుకున్నవారు లెక్కల్లోనూ, తమమీద తమకున్న నమ్మకంలోనూ ముందుకు వెళ్లారు. కనుక ‘నీకు వస్తుందమ్మా’ అన్న మాట వెనుక ఆ రోజే ఆ పిల్ల చేయగలిగిన లెక్క ఒకటి ఉండాలి.

పెద్దల భయం కూడా అంటుకుంటుంది. 2010లో షాన్ బైలాక్ బృందం అమెరికాలో 17 మంది ఉపాధ్యాయినులు, వారి 117 మంది చిన్న తరగతుల విద్యార్థులపై చేసిన అధ్యయనంలో, టీచరుకు గణిత భయం ఎక్కువగా ఉన్న తరగతుల్లో ఏడాది చివరికి ఆడపిల్లల ఫలితాలు తగ్గాయి. పిల్ల ఎదుట ‘దీనికి లెక్కలు రావు’ అనడం మన ఇళ్లలోనూ, బడుల్లోనూ మానుకోవాల్సిన మాట.

7. తరగతి గదిలో చేయదగినవి

మొదటిది, స్థాయి తెలుసుకోవడం. జూన్‌లో ఒకసారి, సంక్రాంతి సెలవుల తర్వాత మరోసారి, కోతల నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ పిల్లతో విడిగా కూర్చుని నోటిమాటగా అడగాలి. తరగతిని బట్టి కాక, వచ్చిన మెట్టును బట్టి జట్లు కట్టాలి. జట్లు ప్రతి నెలా మారాలి. లేకపోతే ‘వెనుక జట్టు’ అనే ముద్ర పడుతుంది.

రెండోది, పదులు విడదీయడం. మోడు లేకుండా నున్నగా చేసిన పత్తికట్టె పుల్లలు పది చొప్పున కట్ట కట్టించాలి. 42 అంటే నాలుగు కట్టలు, రెండు పుల్లలు. 17 తీయాలంటే ఒక కట్ట విప్పక తప్పదు. విప్పిన వెంటనే పలక మీద ఆ మార్పు రాయించాలి. 42 లోంచి 17 పోతే 35 అని రాసే పిల్ల పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీస్తోంది. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ ఇలాంటి తప్పులకు వాటి నియమం వాటికుందని చూపారు. కట్ట విప్పి చూస్తే పిల్ల తన తప్పు తనే కనిపెడుతుంది. ఎండుమిర్చి మాత్రం లెక్కింపుకు వద్దు. ఆ చేయి కంటికి తగిలితే మంట. కడిగిన చింతపిక్కలు చాలు.

మూడోది, చిల్లర లెక్కకు బడిలో గౌరవం. పదిహేడుకు మూడు కలిపితే ఇరవై, ఇంకో ఇరవై కలిపితే నలభై, ఇంకో రెండు కలిపితే నలభై రెండు. కలిపినవి మొత్తం ఇరవై ఐదు. అంగడిలో చిల్లర ఇచ్చే పద్ధతి ఇదే. దాన్ని గీత మీద గంతులుగా గీసి, పక్కనే నిలువు తీసివేత రాయిస్తే రెండు దారులూ ఒకే జవాబుకు చేరడం పిల్ల కళ్లారా చూస్తుంది.

నాలుగోది, ఆటలు. వామనగుంటలు, అష్టాచెమ్మా, వైకుంఠపాళి ఇంటింటా తెలిసినవే. అంకె ఉన్న గడుల్లో ‘ఒకటి, రెండు’ అని కాక, 24 మీద ఉంటే ‘ఇరవై ఐదు, ఇరవై ఆరు’ అంటూ జరపడం, ఆట చివర గెలిచిన గింజలు లెక్కించి రాయడం నియమంగా పెట్టాలి. రమణి, సీగ్లర్ చూపిన తేడా అంతా అంకెను చూస్తూ పలకడంలోనే ఉంది.

ఐదోది, వలస పిల్లల వెంట నడిచే కార్డు. ఏ మెట్టు దాటారో సులువుగా రాసిన ఒక్క కాగితం సొంత ఊరి బడికీ, కోతల ఊరి బడికీ, సీజనల్ హాస్టల్‌కూ పనికొస్తుంది.

8. ఉపసంహారం

ఈ ప్రాంతంలో చిన్నపిల్లలకు అంకెల మీద ధైర్యం కలిగించడానికి ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. పిల్ల ఎక్కడ ఆగిందో కనుక్కునే సమయం, పదులు విడదీయడం ఓపికగా చూపే ఉపాధ్యాయుడు, కోతల నెలలను ముందే లెక్కలోకి తీసుకునే విద్యా ప్రణాళిక కావాలి. మండల స్థాయిలో రెండో తరగతి తీసివేత పాఠాలను పత్తితీత జోరు అందుకోకముందే మొదలుపెట్టి, మిరపకోతల తర్వాత అవే పాఠాలను పునశ్చరణగా మళ్లీ నడపడం వెంటనే చేపట్టదగిన మార్పు. దానికి కొత్త నిధులు అవసరం లేదు, పాఠాల వరుస మారితే చాలు. రేపు కాటా దగ్గర తమ తల్లి కూలి లెక్క సరిచూడాల్సింది ఈ పిల్లలే. ఆ లెక్కను కాగితం మీద కూడా నిలబెట్టగల శక్తి వారికి ఇవ్వడం ప్రాథమిక పాఠశాల బాధ్యత.