చెప్పు: రాతకెక్కని చరిత్ర

ఈసారి ‘చెప్పు’ గురించి.

మా కర్నూలు, కడప పల్లెల్లో ‘మెట్లు’ అని కూడా అంటాం. మెట్టడం అంటే తొక్కడం. ఆ మాట పుట్టుక పైకే కనబడుతుంది. చెప్పు పుట్టుక మాత్రం తవ్వితేనే దొరుకుతుంది.

తమిళంలో చెరుప్పు, మలయాళంలో చెరిప్పు, కన్నడంలో కెర, గోండిలో సర్పుం. అన్నిటి అర్థం ఒకటే. 1961లో బరో, ఎమెనో తెచ్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఇలాంటి చుట్టపు మాటలను ఒకచోట చేర్చింది. వీటిని పోల్చి భాషావేత్తలు ‘కెరుప్పు’ లాంటి మూలరూపాన్ని తేల్చారు. అలాంటి రూపం ముందు నక్షత్రం గుర్తు పెడతారు. రాతలో దొరకలేదు, పోలికతో తేల్చాం అని దానర్థం.

ఇది ఉత్త ఊహ కాదు. ఇ, ఎ అచ్చుల ముందు పాత ‘క’ తెలుగులో ‘చ’ అయింది. బళ్లారి వైపు కన్నడిగుల కెరె మనకు చెరువు. వాళ్ల కివి మన చెవి. అదే దారిలో కెర కాస్తా చెర అయింది. నడుమ అచ్చు రాలిపోయి, ‘ర్ప’ ‘ప్ప’గా మారి చెప్పు మిగిలింది. ‘మాట చెప్పు’ అనేది వేరే మాట. తమిళంలో ఆ రెండూ ఇప్పటికీ విడివిడిగానే ఉన్నాయి.

ఇదంతా మనకెందుకు? మన చరిత్ర అనగానే ‘రాత ఏది?’ అని అడుగుతారు. కడప జిల్లా కలమళ్లలో సుమారు 575 నాటి తొలి తెలుగు శాసనం ఉంది. అందులో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు ఉన్నాడు. చెప్పు కుట్టినోళ్ల పేరు ఏ రాజు చెక్కిస్తాడు? కానీ ఈ భాషలు విడిపోకముందే కాలికి తొడుగు ఉందని మాటే సాక్ష్యం చెబుతోంది.

ఆ కుట్టినోళ్లు ఏ కులమో మాట చెప్పదు. వాళ్లే మాదిగలని నేనూ అనను. ఒకటి మాత్రం గమనించండి: ఈ చుట్టపు మాటల్లో ఉన్నది కాలి తొడుగు ఒక్కటే, మైల లేదు. పెద్దకులాల వీధిలో చెప్పులు విప్పి చేత పట్టుకోమన్నది, చెప్పును తిట్టుగా మార్చింది, కుట్టిన చేతులను ఊరి బయట పెట్టింది భాష కాదు, కులం.

విద్యార్థి మిత్రులారా, ఆరె, లంద, తంగేడు చెక్క లాంటి పని మాటలు మన అవ్వతాతల నోళ్లలో ఇంకా ఉన్నాయి. వాళ్లు పోతే ఆ ఆధారాలూ పోతాయి. ఊరు, మాట, వాడుక రాసిపెట్టుకోండి.