సెలెరాన్ 300ఎ

సెలెరాన్ 300ఎ అనునది ఇంటెల్ సంస్థ 1998 ఆగష్టు 24న విడుదల చేసిన మైక్రోప్రాసెసరు. దీని నిర్ణీత వేగము 300 మెగాహెర్ట్జ్. తయారీదారు నిర్ణయించిన దానికంటే ఎక్కువ వేగముతో నడపడాన్ని ఓవర్‌క్లాకింగ్ అందురు. దీనికి అనువైన చవక ప్రాసెసరుగా 300ఎ ప్రసిద్ధి చెందినది.

నేపథ్యము

1998 ఏప్రిల్‌లో వచ్చిన మొదటి సెలెరాన్‌లో రెండవ స్థాయి క్యాష్ మెమొరీ లేనందున దాని పనితీరు విమర్శలకు గురైనది. 300ఎలో 128 కిలోబైట్ల క్యాష్‌ను చిప్పులోనే అమర్చారు. పెంటియం 2లో క్యాష్ 512 కిలోబైట్లు ఉన్నప్పటికీ అది ప్రాసెసరు వేగములో సగముతోనే పనిచేసేది. 300ఎలో పూర్తి వేగముతో పనిచేసేది.

వేగము పెంచు విధానము

బస్ వేగమును గుణకముతో హెచ్చవేయగా ప్రాసెసరు వేగము వచ్చును. 300ఎలో గుణకము 4.5, దీనిని మార్చుటకు వీలులేదు. కావున బస్ వేగమును 66 నుండి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచేవారు. అప్పుడు ప్రాసెసరు 450 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. ఇంటెల్ 440బిఎక్స్ చిప్‌సెట్ గల మదర్‌బోర్డులు 100 మెగాహెర్ట్జ్ బస్‌కు రూపొందించినవే. అందువలన గ్రాఫిక్స్ కార్డు, ఇతర కార్డులు తమ మామూలు వేగముతోనే పనిచేసేవి. అయితే మెమొరీ కూడా 100 మెగాహెర్ట్జ్‌కు తగినదై ఉండవలెను. అబిట్ బిహెచ్6 బోర్డులో ఈ మార్పును బయోస్ నుండే చేయవచ్చును.

పరిమితులు

అన్ని చిప్పులు 450 మెగాహెర్ట్జ్‌ను అందుకోలేదు. కొన్నింటికి 2.0 వోల్టులకంటే ఎక్కువ వోల్టేజి, మెరుగైన ఫ్యాను అవసరమయ్యాయి. వోల్టేజి పెరిగిన కొలదీ వేడి పెరిగి చిప్పు ఆయుష్షు తగ్గును. కంప్యూటరు ఆన్ అయినంత మాత్రాన వేగము స్థిరపడినట్లు కాదు. అస్థిరమైన ప్రాసెసరు తప్పుడు ఫలితములిచ్చి ఫైళ్ళను పాడుచేయగలదు. అందుచేత గంటల తరబడి పరీక్షించిన పిమ్మటనే ముఖ్యమైన పనులకు వాడుట మేలు.