బోధన్ దఫ్తరాలు చేతులు మారిన కథ

భూమి రికార్డు బీరువాలో కదలకుండా ఉన్నన్నాళ్లూ దానికి చెదలూ తేమా తప్ప పెద్ద భయం లేదు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయేటప్పుడే అది గల్లంతవుతుంది. నిజామాబాద్‌లో ఆఫీసు కంప్యూటర్లు, సర్వర్లు చూసుకోవడం నా పని. బోధన్ వైపు కాగితాల చరిత్రను నేను నేర్చుకున్నది ఆ పనిలోనే.

మా దగ్గర కాగితానికి ఇంత విలువ ఎందుకంటే నీళ్ల సంగతి చెప్పాలి. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని ఇంజనీరు. కాలువ వచ్చాక మెట్ట తరి అయింది. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది, ఊరూరా చెరుకు పాకింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొని, కాలువల వెంట క్యాంపులు వేసుకున్నారు. ఒక సర్వే నంబరు అన్నదమ్ముల మధ్య, అమ్మినవాళ్లకూ కొన్నవాళ్లకూ మధ్య ముక్కలైంది. 45 కాస్తా 45/అ, 45/ఆ అనే బై నంబర్లు అయింది, ఆ ముక్క మళ్లీ 45/అ/1 అయింది. ఆ చిన్న గీత పక్కన ఏ అక్షరం ఉందన్నదాని మీదే ఒక కుటుంబం బతుకు నిలబడుతుంది.

ఇవన్నీ రాసి ఉంచింది ఊరి భూమి లెక్కలు చూసే పట్వారీ. సేత్వార్, వసూల్ బాకీ, పహాణీ లాంటి భూమి పుస్తకాలన్నీ ఆయన ఇంట్లో ఎర్రబట్ట మూటల్లో ఉండేవి. పాతవన్నీ ఉర్దూలో, ఫస్లీ సంవత్సరాల లెక్కలో ఉంటాయి. ఫస్లీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. నిజాం పాలన పోయాక అందరికీ ఆధారంగా నిలిచింది 1954-55 ఖాస్రా పహాణీ. ఇవాళ్టికీ తగాదా వస్తే వకీలు ముందు అడిగేది దాన్నే. రికార్డు అంతా ఒక్క మనిషి గుప్పిట్లో ఉండటం ఊరికి మంచిది కాదు, దాంతో జరిగిన అన్యాయాలు ఊరూరా చెప్తారు. అయినా ఆ వ్యవస్థలో ఒక్క పద్ధతి గట్టిది. బాధ్యత చేతులు మారితే చార్జి లిస్టు రాసేవాళ్లు. ఏ పుస్తకం, ఏ సంవత్సరానిది, ఎన్ని పేజీలు అని వరసగా రాసి, ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఇద్దరూ సంతకం పెట్టేవాళ్లు. సంతకం పడేదాకా మూట ఇచ్చేవాడిదే.

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం పట్వారీ, పటేల్ పదవులు రద్దు చేసింది. మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. బోధన్ తాలూకా దఫ్తరం కొత్త మండలాల మధ్య పంచుకోవాల్సి వచ్చింది. ఏళ్లపాటు రికార్డు గదిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఆ రోజుల సంగతి నాతో చెప్పేవాడు. మూటలు విప్పి, ఊరి పేరు చూసి, కుప్పలు పెట్టి, బండికెత్తారట. లిస్టు రాసిన ఊళ్ల రికార్డు దొరికింది, తొందరలో లిస్టు రాయని ఊళ్లవి తర్వాత వెతుక్కోవాల్సి వచ్చిందని ఆయన లెక్క.

అదే పని 2016లో కంప్యూటర్లో ఎదురైంది. ఆ అక్టోబరు 11న కొత్త జిల్లాలు, మండలాలు వచ్చాయి. బాన్సువాడ, ఎల్లారెడ్డి వైపు కామారెడ్డి జిల్లాకు పోయింది. బోధన్ వైపు రుద్రూర్ కొత్త మండలమైంది. ఒక ఆఫీసులో స్కాన్ చేసిన పాత పహాణీలు ఊరికో ఫోల్డర్, నంబరుకో ఫోల్డర్‌గా నెట్‌వర్క్ షేర్‌లో ఉన్నాయి. కొత్త మండలాల ఊళ్లను వేరే సర్వర్‌కు పంపడానికి ఎవరో ఒక స్క్రిప్టు రాశారు. అది సగం పనిచేసి ఆగిపోయిందని నన్ను పిలిచారు.

మొదటి తప్పు తేలికగానే దొరికింది. పగలు చేత్తో నడిపితే నడిచే స్క్రిప్టు రాత్రి టైముకు పెడితే షేర్ దొరకలేదంటోంది. అందులో జెడ్ డ్రైవ్ అని రాశారు. ఆ అక్షరం లాగిన్ అయిన మనిషికి కనిపిస్తుందే గాని, రాత్రి పనిని నడిపే వేరే ఖాతాకు కనిపించదు. సర్వర్ పేరుతో పూర్తి దారి రాస్తే సరిపోయింది. రెండోది తెలుగు. స్క్రిప్టు ఫైలును పాత ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయడంతో ఊళ్ల పేర్లన్నీ ప్రశ్న గుర్తులైపోయాయి.

మూడోది ఈ నేల తెచ్చిన చిక్కు. విండోస్ ఫోల్డర్ పేరులో ఏటవాలు గీతను ఒప్పుకోదు. అందుకని స్కాన్ చేసిన పిల్లల్లో ఒకరు 45-అ అని, ఇంకొకరు 45_అ అని, మరొకరు 45అ అని పేర్లు పెట్టారు. స్క్రిప్టు చదివే పట్టికలో మాత్రం 45/అ అనే ఉంది. పేరు కలవకపోతే దాటేసి ముందుకు పోయింది, ఎక్కడా రాసిపెట్టలేదు. భాగాలు ఎక్కువున్న నంబర్లు, అంటే కాలువ కింది విలువైన భూములే ఎక్కువగా వెనకపడిపోయాయి.

అన్నిటికన్నా ప్రమాదం చివరి రెండు వరసల్లో ఉంది. ఒకే డిస్కులో ఫోల్డర్ జరిపితే కేవలం పేరు మారుతుంది. ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు జరపడమంటే కాపీ చేసి, పాతది చెరిపేయడం. స్క్రిప్టులో ఒక వరస ఎక్స్‌కాపీ, దాని కింది వరస తొలగింపు. అవతల డిస్కు నిండి కాపీ మధ్యలో ఆగినా, కింది వరస తన పని తాను చేసుకుపోయింది. స్కానింగ్ నాటి హార్డ్ డిస్క్ బీరువాలో ఉండబట్టి ఆ ఊళ్ల బొమ్మలు మళ్లీ దొరికాయి.

కొత్త స్క్రిప్టులో రోబోకాపీ వాడాను. అది పని అయ్యాక ఒక అంకె చెప్తుంది, 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఏదో కాపీ కాలేదని అర్థం. అక్కడే ఆగేలా పెట్టాను. రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, సైజు సరిచూసి, తేడా ఉన్న ప్రతి నంబరునూ లాగ్‌లో రాసేలా చేశాను. పాత ఫోల్డర్లను చెరిపే వరసే తీసేశాను. పెద్దాయన లాగ్ ప్రింటు చూసి, "ఇది చార్జి లిస్టే కద బిడ్డా. కింద ఇద్దరి సంతకాలు పెట్టించు, అప్పటిదాంక పాతది ముట్టకు" అన్నాడు. అట్లాగే చేయించాం.

ఆ తర్వాత ఇంకా పెద్ద తరలింపు జరిగింది. 2020 సెప్టెంబరు 7న రాష్ట్రమంతటా గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) దగ్గరి రికార్డులు ఒక్క రోజులో వెనక్కి తీసుకున్నారు. అక్టోబరు 29న భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. రికార్డు ఇల్లు మారిన ప్రతిసారీ కొందరి నంబర్లు దారిలో ఆగాయి, వాళ్లు ఇంకా దరఖాస్తులు పట్టుకుని తిరుగుతున్నారు. తరలించే అధికారులు లిస్టు రాసి, సరిచూసి, సంతకాలయ్యాకే పాతది తీయాలి. మీకు భూమి ఉంటే మీ సర్వే నంబరుకు ఖాస్రా పహాణీ, సేత్వార్ సర్టిఫైడ్ నకళ్లు ఇప్పుడే తీసుకుని ఇంట్లో పెట్టుకోండి, బై నంబరు పక్కన అక్షరం సరిగ్గా ఉందో లేదో చూసుకోండి.