115–113

పన్నెండు రౌండ్ల బాక్సింగ్ పోటీలో ఒక జడ్జి కార్డు మీద 115–113 అని ఉంటే, మామూలుగా దాని అర్థం ఒకటే. ఒకడు ఏడు రౌండ్లు గెలిచాడు, ఇంకొకడు ఐదు. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. ఏడు పదులు డెబ్బై, ఐదు తొమ్మిదులు నలభై ఐదు, మొత్తం 115. వినగానే హోరాహోరీగా సాగిన పోటీ అనిపిస్తుంది. ఒక్క రౌండు అటుదిటైతే 114–114, సమానం. ఇంత అమాయకంగా కనిపించే అంకె బాక్సింగ్‌లో ఇంకోటి లేదు. పెద్ద గొడవల్లో పదేపదే కనిపించేదీ ఇదే.

1999 మార్చి 13న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో లెన్నాక్స్ లూయిస్, ఇవాండర్ హోలీఫీల్డ్ తలపడ్డారు. హెవీవెయిట్ బెల్టులన్నీ ఒకరి నడుముకే చేరాల్సిన రాత్రి అది. మూడో రౌండులో పడగొడతానని హోలీఫీల్డ్ ముందే చెప్పాడు. మూడో రౌండు వచ్చింది, పోయింది, లూయిస్ నిలబడే ఉన్నాడు. మిగతా రాత్రంతా ఎడమచేత్తో జాబ్ వేస్తూ హోలీఫీల్డ్‌ని దూరంగానే ఆపి ఉంచాడు. కంప్యూబాక్స్ లెక్క ప్రకారం లూయిస్ తగిలించినవి 348 గుద్దులు, హోలీఫీల్డ్‌వి 130. కార్డులు చదివారు. దక్షిణాఫ్రికా జడ్జి స్టాన్లీ క్రిస్టోడౌలూ 116–113 లూయిస్‌కి. అమెరికా జడ్జి యూజీనియా విలియమ్స్ 115–113 హోలీఫీల్డ్‌కి. లూయిస్ దేశమైన బ్రిటన్ నుంచే వచ్చిన లారీ ఓకానెల్ 115–115. పోటీ డ్రా.

తిట్లన్నీ విలియమ్స్‌కే పడ్డాయి. ముఖ్యంగా ఐదో రౌండు గురించి. ఆ రౌండులో లూయిస్ 43 గుద్దులు తగిలిస్తే హోలీఫీల్డ్ 11. ఆవిడ దాన్ని హోలీఫీల్డ్‌కి రాసింది. తర్వాత న్యూయార్క్ సెనేట్ విచారణలో అడిగితే, తాను కూర్చున్న చోటు నుంచి తనకు కనిపించిందే రాశానంది. విచారణలు చాలా జరిగాయి, జడ్జీల్లో ఎవరూ లంచం తీసుకున్నట్టు రుజువు కాలేదు.

కానీ ఇక్కడ ఓ చిన్న కూడిక చేసి చూడండి. ఆ ఐదో రౌండుని ఆవిడ లూయిస్‌కే ఇచ్చి ఉంటే ఆవిడ కార్డు 114–114 అయ్యేది. ఓకానెల్ కార్డు ఎలాగూ సమానమే. ఇద్దరు జడ్జీలు సమానమంటే పోటీ మళ్ళీ డ్రానే! అంటే ప్రపంచమంతా వేలెత్తి చూపిన ఆ ఒక్క రౌండుని సరిదిద్దినా ఫలితం మారదు. ఓకానెల్ కార్డులోనూ కిటుకుంది. పన్నెండు రౌండ్లలో 115–115 రావాలంటే చెరో ఐదు రౌండ్లు ఇచ్చి, మిగిలిన రెండు రౌండ్లు 10–10 అని రాయాలి. ఆ రెంటిలో ఒక్కటి లూయిస్‌దని రాసినా, విలియమ్స్ కార్డు ఉన్నదున్నట్టుంటే కూడా, లూయిస్ ఇద్దరు జడ్జీల మీద గెలిచేవాడు. ఎవరూ పెద్దగా తిట్టని కార్డే ఆ రాత్రి ఫలితాన్ని నిర్ణయించింది. 'దొంగ జడ్జి' కోసం వెతికేవాళ్ళకి ఇలాంటివి కనపడవు.

అసలు ఈ కార్డులెక్కడివి? మన గోదావరి జిల్లాల కోడిపందేల్లో ఏ పుంజు గెలిచిందో చెప్పడానికి ముగ్గురు జడ్జీలు అక్కర్లేదు. పడిపోయేదో పారిపోయేదో ఒకటుంటుంది. పాత లండన్ బరుల్లో వట్టి చేతులతో కొట్టుకున్న రోజుల్లో బాక్సింగ్ కూడా అంతే. పడ్డవాడు లేచి బరి మధ్యలో గీసిన గీత దగ్గరికి రాగలిగితే పోటీ సాగుతుంది, రాలేకపోతే అయిపోయింది. గంటలు పట్టినా సరే. 1867లో వచ్చిన క్వీన్స్‌బెర్రీ నియమాలు గ్లవ్స్ తొడిగించి, మూడు నిమిషాల రౌండ్లు పెట్టి, పడ్డవాడికి పది సెకన్లు గడువిచ్చాయి. తర్వాత్తర్వాత రౌండ్ల సంఖ్యకీ హద్దు వచ్చింది. హద్దు వచ్చాక ఇద్దరూ నిలబడి ఉండగానే గంట మోగడం మొదలైంది. అప్పుడు కావలసి వచ్చాడు తీర్పు చెప్పేవాడు. బాక్సింగ్‌ని నాగరికం చేసిన క్షణమే దాన్ని అభిప్రాయానికి అప్పగించిన క్షణం కూడా.

ఆ అభిప్రాయం మీద అనుమానం మొదటి నుంచీ ఉంది. న్యూయార్క్ 1911లో ఫ్రాలీ చట్టం తెచ్చి విచిత్రమైన మందు వేసింది. పది రౌండ్లు ఆడుకోండి, కానీ ఎవరు గెలిచారో ఎవరూ ప్రకటించకూడదు! తీర్పే లేకపోతే తీర్పు అమ్ముడుపోదు కదా అని. మరి పందెం కాసినవాళ్ళు ఊరుకుంటారా? మర్నాడు పేపర్లో విలేఖరి ఎవరు గెలిచారని రాస్తే వాడు గెలిచినట్టు అనుకుని డబ్బులు పంచుకునేవాళ్ళు. వీటికి 'న్యూస్‌పేపర్ డెసిషన్' అని పేరు. ఒక్కో పేపరూ ఒక్కో విజేతని ప్రకటించిన పోటీలున్నాయి. రింగు పక్క కుర్చీలోంచి తీర్పుని తీసుకెళ్ళి న్యూస్‌రూములో పెట్టారు, అంతే. లంచమిచ్చేవాడికి అడ్రసు మారింది. ఇంకో వింత, ఈ పోటీల్లో ఛాంపియన్‌ని పడగొడితే తప్ప టైటిల్ చేతులు మారదు. పది రౌండ్లు తప్పించుకు తిరిగితే చాలు, బెల్టు భద్రం. 1920లో వాకర్ చట్టం ఆ భాగోతానికి తెర దించి, ఇద్దరు జడ్జీలూ ఒక రిఫరీ తీర్పు చెప్పే పద్ధతి పెట్టింది. ఆ జిమ్మీ వాకరే తర్వాత న్యూయార్క్ మేయరయ్యాడు, అవినీతి ఆరోపణల మధ్య రాజీనామా చేశాడు. చరిత్రకి హాస్యం బాగానే తెలుసు.

మనిషి నిజాయితీపరుడైనా లెక్కే కొంప ముంచొచ్చు. 1947 డిసెంబర్ 5న జో లూయిస్‌ని జెర్సీ జో వాల్కాట్ రెండుసార్లు కింద పడేశాడు, మొదటి రౌండులో ఒకసారి, నాలుగో రౌండులో ఒకసారి. అప్పట్లో న్యూయార్క్‌లో పాయింట్లు కావు, ఎన్ని రౌండ్లు గెలిచారన్నదే లెక్క. ఛాంపియన్‌ని నేలమీద కూర్చోబెట్టిన రౌండూ ఒక్క రౌండే, ఒకే ఒక్క జాబ్ తేడాతో గెలిచిన రౌండూ ఒక్క రౌండే. రిఫరీ రూబీ గోల్డ్‌స్టీన్ వాల్కాట్ గెలిచాడన్నాడు, ఇద్దరు జడ్జీలు లూయిస్ అన్నారు. బెల్టు లూయిస్ దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు పడగొడితే 10–8 ఇస్తున్నారు కాబట్టి ఆ చిక్కు సగం తీరింది. సగమే. ఎవరూ పడకపోతే ఇప్పటికీ అదే కథ. ఏడు రౌండ్లు వెంట్రుకవాసిలో గెలిచి, ఐదు రౌండ్లు చావుదెబ్బలు తిన్నవాడు 115–113తో గెలుస్తాడు. నియమాల ప్రకారం బాగా ఏకపక్షంగా సాగిన రౌండుకి ఎవరూ పడకపోయినా 10–8 ఇవ్వొచ్చు. కానీ జడ్జీలు దాని జోలికి పోరు. 10–9 రాసినవాడిని ఎవరూ ప్రశ్నించరు మరి.

ముగ్గురెందుకు, ఒక్కడు చాలనుకున్న దేశం బ్రిటన్. అక్కడ చాలాకాలం రింగులో ఉన్న రిఫరీయే తీర్పరి. 1971 మార్చి 16న వెంబ్లీలో హ్యారీ గిబ్స్ హెన్రీ కూపర్‌ని పావు పాయింటు తేడాతో ఓడించాడు. అక్షరాలా పావు! గెలిచిన జో బగ్నర్ కుర్రాడు, కూపర్ దేశానికి ముద్దుబిడ్డ. కూపర్ ఆ తర్వాత ఏళ్ళ తరబడి గిబ్స్‌తో చెయ్యి కలపలేదు. ఈ పద్ధతిలో ఒక మంచి ఉంది. తిట్టాల్సింది ఎవరినో జనానికి స్పష్టంగా తెలుస్తుంది.

ఇక యంత్రాల సంగతి. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో రాయ్ జోన్స్ 86 గుద్దులు తగిలించాడు, కొరియా కుర్రాడు పార్క్ సీ-హున్ 32. తీర్పు 3–2తో పార్క్‌కి. ఇది అమెచ్యూర్ బాక్సింగ్, ప్రొఫెషనల్ కాదు. అయినా చెప్పుకోవాలి, ఎందుకంటే మరమ్మతు ప్రయోగాలు జరిగింది అక్కడే. ఆ సిగ్గుతో బటన్లు వచ్చాయి. ఐదుగురు జడ్జీల్లో కనీసం ముగ్గురు ఒక సెకను లోపల ఒకే బటన్ నొక్కితేనే పాయింటు. వినడానికి ఎంత శుభ్రంగా ఉందో! కానీ పొట్టలో పడే గుద్దు అందరికీ కనపడదు, వరసగా నాలుగు కొడితే వేళ్ళు అందుకోలేవు. దాంతో బాక్సర్లు ఒక్కొక్కటిగా, తలకి, అందరికీ కనపడేలా కొట్టడం నేర్చుకున్నారు. యంత్రం ఏది చూడగలదో ఆటే ఆ ఆకారంలోకి మారిపోయింది. 2013లో బటన్లు పక్కన పెట్టి ప్రొఫెషనల్స్ వాడే పది పాయింట్ల పద్ధతికే వచ్చారు. మూడేళ్ళు తిరగ్గానే రియో ఒలింపిక్స్‌లో మళ్ళీ రచ్చ, అక్కడ పనిచేసిన 36 మంది రిఫరీలనూ జడ్జీలనూ మూకుమ్మడిగా పక్కన పెట్టారు.

మనవాళ్ళకి దీని రుచి తెలుసు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సరితాదేవి తన పతకాన్ని తీసుకోనని ఏడ్చింది. 2021 టోక్యోలో మేరీ కోమ్ మూడు రౌండ్లలో రెండు మెజారిటీ జడ్జీల లెక్కన గెలిచి కూడా పోటీ 3–2తో ఓడిపోయింది. మొదటి రౌండు 4–1తో పోయింది, మిగతా రెండూ 3–2తో వచ్చాయి. జడ్జి జడ్జికీ విడివిడిగా కూడితే ఓటమి. అందులో మోసమేమీ లేదు, కూడికే అలాంటిది. ఓడానన్న సంగతి ఆవిడకి రింగు దిగాక గానీ తెలియలేదు.

ప్రొఫెషనల్స్‌లో ఆ 'తెలియకపోవడం' ఖరీదు కోట్లలో ఉంటుంది. లూయిస్ గొడవ జరిగిన ఏడాదే, సెప్టెంబర్ 18న ఆస్కార్ డి లా హోయా తాను బాగా ముందున్నాననుకుని చివరి రౌండ్లలో ఫెలిక్స్ ట్రినిడాడ్‌కి అందకుండా తిరిగాడు. కార్డులు: 115–113, 115–114 ట్రినిడాడ్‌కి, 114–114. అందుకే మధ్యలోనే స్కోరు చెప్పేయాలన్న వాదన. డబ్ల్యుబీసీ తన టైటిల్ పోటీల్లో నాలుగో, ఎనిమిదో రౌండ్ల తర్వాత కార్డులు చదివే పద్ధతి ప్రవేశపెట్టింది. దానికి జవాబుగా వచ్చే అభ్యంతరం కూడా బలమైనదే. ఎనిమిది రౌండ్లకి బాగా ముందున్నానని తెలిసినవాడు మిగతా నాలుగూ పరిగెడతాడు. టికెట్ కొన్నవాడు చూసేది పరుగు పందెం. నన్నడిగితే, పరిగెత్తే హక్కు కూడా బాక్సర్‌కి ఉండాలనే అంటాను. దెబ్బలు తినేది అతను, స్కోరు అతనికి తప్ప ముగ్గురికి తెలియడమేమిటి?

2012 జూన్ 9న లాస్ వేగాస్‌లో ఈ అంకె మూడు కార్డుల మీదా వచ్చింది. ఇద్దరు 115–113 టిమోతీ బ్రాడ్లీకి, ఒకరు 115–113 మ్యానీ పాకియావ్‌కి. కంప్యూబాక్స్ పాకియావ్‌కి 253, బ్రాడ్లీకి 159 అంది. డబ్ల్యుబీఓ ఐదుగురు వేరే జడ్జీలని కూర్చోబెట్టి వీడియో చూపిస్తే ఐదుగురూ పాకియావ్ అన్నారు. అయినా ఫలితం మారలేదు. మార్చే అధికారం ఆ సంస్థకి లేదు. తప్పని ఒప్పుకోవడానికి ఒక గది, దిద్దడానికి ఇంకో గది, రెండింటి మధ్య తలుపు లేదు. (ఆ కంప్యూబాక్స్ కూడా రింగు పక్కన కూర్చుని మీటలు నొక్కే ఇద్దరు మనుషులే, మర్చిపోవద్దు.)

లూయిస్ గొడవ తర్వాత అమెరికాలో వచ్చిన ఒక మార్పు మాత్రం కాగితం మీదైనా పనికొచ్చేది. 2000లో వచ్చిన మహమ్మద్ అలీ చట్టం ప్రకారం జడ్జీలకి రాష్ట్ర కమిషన్ ఆమోదం ఉండాలి, ఆ పోటీకి ఎవరి దగ్గర ఏం పుచ్చుకున్నారో వాళ్ళు కమిషన్‌కి చెప్పాలి. జబ్బు మూలం దగ్గరికి వెళ్ళిన చట్టమిది. టైటిల్ పోటీకి వచ్చే జడ్జి ఫీజు, హోటలు, విమానం టికెట్టు చివరికి ప్రమోటర్ ఖర్చులోంచే వస్తాయి. తనకి పోటీ ఇప్పించేది ఎవరో జడ్జికి తెలుసు. ఎవరూ కవరు చేతిలో పెట్టక్కర్లేదు, మళ్ళీ పిలుస్తారా లేదా అన్న ఆలోచన చాలు. జాన్ మెకెయిన్ దేశం మొత్తానికి ఒకే కమిషన్ కోసం ఏళ్ళ పాటు ప్రయత్నించాడు, అది చట్టం కాలేదు. ఇప్పటికీ ఏ రాష్ట్రం పద్ధతి ఆ రాష్ట్రానిదే.

లూయిస్‌కి ఎనిమిది నెలల తర్వాత, నవంబర్ 13న, లాస్ వేగాస్‌లో న్యాయం దొరికింది. ఈసారి ముగ్గురూ అతనికే రాశారు: 116–112, 117–111, 115–113. చూసినవాళ్ళలో చాలామంది మాత్రం మొదటి పోటీలోనే అతను ఇంతకన్నా తేలిగ్గా గెలిచాడంటారు.

2024 డిసెంబర్‌లో రియాద్‌లో ఉసిక్, ఫ్యూరీ రెండోసారి తలపడినప్పుడు ముగ్గురు జడ్జీల పక్కన నాలుగోదిగా కృత్రిమ మేధని పెట్టారు. మనుషులు ముగ్గురూ 116–112 ఉసిక్ అన్నారు, యంత్రం 118–112 ఉసిక్ అంది. దాని లెక్క అధికారికం కాదు, ప్రయోగం మాత్రమే. ఆ నాలుగో జడ్జిని పిలిచింది కమిషన్ కాదు, పోటీకి డబ్బు పెట్టినవాళ్ళు.