జీపు స్టీరింగు ఏ ప్రక్కన?

సోనేపూర్ మిత్రులొకరు పాత విల్లీసు జీపును బాగుచేయించుచు, ఎడమనున్న స్టీరింగును కుడికి మార్పింతునా అని మమ్మడిగినారు.

రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికాలో ఆరు లక్షలకు పైగా జీపులు తయారైనవి. అచ్చట బండ్లు రోడ్డుకు కుడివైపున నడచును. అందుచే స్టీరింగు ఎడమన పెట్టిరి. మనము ఎడమవైపున నడుపుదుము గనుక, లారీని దాటునప్పుడు ఎదుటి బండి కనబడక ప్రమాదము. అయినను పనిచేయు సిగ్నలున్నచో 1988 మోటారు వాహనాల చట్టము ఎడమ స్టీరింగును అనుమతించినది. 2021 నిబంధనలు 50 ఏండ్లు దాటి, అసలు రూపు చెడని బండినే పురాతన వాహనముగా గుర్తించును.

నిత్యము తిరుగుటకైతే అనుమతి పొంది మార్చుట మేలు. జ్ఞాపకార్థమైతే ఉంచుట మేలు. వారిది ఉగాదికి తీయు బండి. ఉంచుడనియే చెప్పినాము. 1936లో బరంపురం మద్రాసు నుండి ఒడిస్సాలో చేరినది. మన యింటి మాట మాత్రం మారలేదు గదా!