శాంపిల్‌కు చుట్టం

బట్టల కొట్లో "ఒక శాంపిల్ చూపించండి" అంటాం. ఆ మాటకు ఇంగ్లీషులో ఒక దగ్గరి చుట్టం ఉంది: శాంప్లర్. రకరకాల కుట్లు, పూలు, అంచులు మరిచిపోకుండా కుట్టి దాచుకునే గుడ్డముక్క అది. రెండూ లాటిన్ ‘ఎగ్జెంప్లుమ్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చినవే. చూసి చేసుకోదగ్గది అని అర్థం.

1520ల్లో జర్మనీలో, ఇటలీలో కుట్టుపని నమూనాలు పుస్తకాలుగా అచ్చయ్యాయి. 1529లో వెనిస్‌లో జొప్పీనో వేసిన పుస్తకం పేరులోనే ‘ఎసెంప్లారియో’ ఉంది. అదీ ఈ వేరు నుంచి మొలిచిందే. ముస్లిం కళాకారుల నుంచి వచ్చిన మెలికల తీగలు ఇలాంటి పుస్తకాల నుంచే దుప్పట్ల మీదికి, చొక్కాల అంచుల మీదికి పాకాయి.

పుస్తకంలోని నమూనా గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, ఆ కాగితాన్ని బట్టమీద పరిచి బొగ్గుపొడి అద్దేవారు. కాగితం ఎత్తితే కింద నల్లచుక్కల తీగ! మన మగ్గం వర్క్ వాళ్లు ట్రేసింగ్ పేపర్‌తో చేసేదీ ఇదే. పాపం, చిల్లులు పడి చిరిగి, ఆ పుస్తకాలు చాలావరకు నశించాయి.

గుడ్డ మిగిలింది. తేదీ ఉన్న బ్రిటిష్ శాంప్లర్లలో దొరికినంతలో పాతది జేన్ బాస్టాక్ 1598లో కుట్టినది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.