శాలీ చిజమ్

శాలీ వాట్సన్ చిజమ్ (జననం: 1947) అమెరికాకు చెందిన సముద్ర సూక్ష్మజీవావరణ శాస్త్రవేత్త. సన్నిహితులు ఈమెను పెన్నీ చిజమ్ అని పిలుస్తారు. కిరణజన్య సంయోగక్రియ జరిపే జీవులన్నింటిలో పరిమాణంలో అతి చిన్నది, సంఖ్యలో అత్యధికమైనది ప్రోక్లోరోకాకస్ అనే బాక్టీరియా. దీనిని కనుగొన్న బృందానికి ఈమె నాయకత్వం వహించింది. ఆ తరువాత మూడు దశాబ్దాలకు పైగా ఈ ఒక్క జీవినే జన్యువుల స్థాయి నుండి మహాసముద్రాల స్థాయి వరకు పరిశీలించింది.

విద్య, ఉద్యోగం

ఈమె మిచిగాన్ రాష్ట్రంలోని మార్క్వెట్ పట్టణంలో జన్మించింది. 1969లో స్కిడ్‌మోర్ కళాశాల నుండి పట్టభద్రురాలై, 1974లో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఆల్బనీ ప్రాంగణం నుండి డాక్టరేటు పొందింది. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో రెండేళ్ళు పనిచేసిన పిమ్మట, 1976లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎం.ఐ.టి.)లో అధ్యాపకురాలిగా చేరింది.

ప్రోక్లోరోకాకస్ ఆవిష్కరణ

రక్తకణాలను లెక్కించి వర్గీకరించడానికి వైద్యరంగంలో వాడే ఫ్లో సైటోమీటర్ అనే యంత్రాన్ని చిజమ్, ఆమె సహచరుడు రాబర్ట్ ఓల్సన్ వృక్ష ప్లవకాల అధ్యయనానికి ఉపయోగించారు. ఈ యంత్రంలో సన్నని ధారగా పోయే కణాలపై లేజర్ కాంతి పడినప్పుడు, పత్రహరితం ఉన్న కణాలు ఎర్రని వెలుగును వెదజల్లుతాయి. 1980ల మధ్యకాలంలో ఈ యంత్రాన్ని ఓడపైకి చేర్చి అట్లాంటిక్ జలాలను పరీక్షించగా, కొలతల అట్టడుగు అంచున అతి మందమైన సంకేతాలు కనిపించాయి. మొదట అవి యంత్రంలోని విద్యుత్ అలజడి కావచ్చునని అనుకున్నారు. కాని నీటి లోతును బట్టి ఆ సంకేతాలు ఒక క్రమంలో మారుతుండడంతో అవి జీవకణాలవేనని తేలింది. ఈ ఆవిష్కరణ 1988లో నేచర్ పత్రికలో ప్రచురితమైంది. 1992లో ఈ జీవికి ప్రోక్లోరోకాకస్ మెరైనస్ అని నామకరణం చేశారు.

ఈ కణం వ్యాసం సుమారు 0.6 మైక్రోమీటర్లు. అప్పటివరకు దీనిని ఎవరూ గుర్తించకపోవడానికి ఈ సూక్ష్మ పరిమాణమూ, మందమైన వెలుగూ కారణాలు. భూమధ్యరేఖకు ఇరువైపులా సుమారు 40 డిగ్రీల అక్షాంశాల వరకు, 200 మీటర్ల లోతు దాకా ఇది జీవిస్తుంది. అనేక చోట్ల ఒక మిల్లీలీటరు నీటిలో లక్షకు పైగా కణాలుంటాయి. 2013లో వెలువడిన ఒక అంచనా ప్రకారం, ప్రపంచంలో వీటి సంఖ్య 3 పక్కన 27 సున్నాలు పెట్టినంత.

తదుపరి పరిశోధనలు

పైపొరల తీవ్రమైన కాంతికి, లోతులలోని మసక వెలుగుకు అలవాటుపడిన వేర్వేరు ప్రోక్లోరోకాకస్ రకాలు ఒకేచోట కలిసి ఉండగలవని ఈమె బృందం 1998లో చూపింది. 2003లో అటువంటి రెండు రకాల జన్యుక్రమాలను పోల్చి ప్రచురించారు. పైపొర రకంలో సుమారు 1,700 జన్యువులు, లోతు రకంలో సుమారు 2,300 జన్యువులు ఉన్నట్లు తెలిసింది. జాతి పేరు ఒకటే అయినా, ఏ ఒక్క కణం వద్దా జాతికి చెందిన జన్యువులన్నీ ఉండవు. 2014లో ఒక్కో కణాన్ని విడిగా పరీక్షించి, ఒకే ప్రాంతపు నీటిలో వందలాది ఉపజనాభాలు సహజీవనం చేస్తున్నాయని నిరూపించారు.

ఈ బాక్టీరియాపై దాడిచేసే వైరస్‌లను కూడా ఈమె బృందం అధ్యయనం చేసింది. కొన్ని వైరస్‌లు కిరణజన్య సంయోగక్రియకు చెందిన జన్యువులను తమ వెంట మోసుకువస్తాయి. కణంలో ప్రవేశించిన తరువాత అవి ఆ జన్యువులను పనిచేయించి, తమ సంతతి తయారయ్యే వరకు కణపు శక్తి ఉత్పత్తి ఆగిపోకుండా చూసుకుంటాయి.

ఇనుము వివాదం

కొన్ని సముద్ర ప్రాంతాలలో ఇతర పోషకాలున్నా ఇనుము కొరతవల్ల ప్లవకాలు పెరగవు. అక్కడ ఇనుము చల్లితే ప్లవకాలు పెరిగి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి సముద్రగర్భానికి చేరుస్తాయనీ, ఆ సేవను కార్బన్ క్రెడిట్లుగా అమ్ముకోవచ్చనీ కొన్ని వాణిజ్య సంస్థలు ప్రతిపాదించాయి. చిజమ్ దీనిని గట్టిగా వ్యతిరేకించింది. పాల్ ఫాల్కోవ్‌స్కీ, జాన్ కల్లెన్‌లతో కలిసి 2001లో సైన్స్ పత్రికలో వ్రాసిన వ్యాసంలో, ఇది సముద్రపు ఆహారజాలాన్నే మార్చివేస్తుందనీ, లోతు జలాలలో ప్రాణవాయువు తగ్గి మరింత హానికరమైన వాయువులు వెలువడవచ్చుననీ హెచ్చరించింది. పరిశోధన కోసం చేసే చిన్న ప్రయోగాలకు ఆమె వ్యతిరేకి కాదు. వ్యాపారానికే ఆమె అభ్యంతరం. సముద్ర కాలుష్య నివారణకు సంబంధించిన లండన్ ఒప్పందపు సభ్యదేశాలు 2008లో, శాస్త్ర పరిశోధనకు మినహా ఇటువంటి పనులను అనుమతించరాదని తీర్మానించాయి.

పురస్కారాలు, రచనలు

ఈమె 2003లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యురాలిగా ఎన్నికైంది. 2011 సంవత్సరానికి ప్రకటించిన జాతీయ విజ్ఞాన పతకాన్ని 2013లో అధ్యక్షుడు బరాక్ ఒబామా చేతుల మీదుగా స్వీకరించింది. 2015లో ఎం.ఐ.టి. ఈమెకు తన అత్యున్నత అధ్యాపక గౌరవమైన ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ హోదానిచ్చింది. 2019లో స్వీడన్ రాయల్ విజ్ఞాన అకాడమీ క్రాఫోర్డ్ బహుమతిని ప్రదానం చేసింది.

చిత్రకారిణి, రచయిత్రి మాలీ బ్యాంగ్‌తో కలిసి ఈమె బాలల కొరకు సూర్యకాంతిపై పుస్తకమాల వెలువరించింది. 2009లో వచ్చిన లివింగ్ సన్‌లైట్ వీటిలో మొదటిది. మొక్కలు, సముద్ర ప్లవకాలు, శిలాజ ఇంధనాలు, జలచక్రం అన్నింటికీ మూలమైన శక్తి సూర్యుడేనని ఈ పుస్తకాలు పిల్లలకు తెలియజేస్తాయి.